డబ్బా మీద పేరు

వెనక వాటాలో అద్దెకి దిగిన అమ్మాయి మట్టి పాత్రలు చేస్తుందని సూర్యకళకి మొదటిరోజే తెలుసు. మట్టి పాత్రలు చేసుకునే మనిషికి అంత లావు కరెంటు తీగ దేనికన్నదే ఆవిడకి అర్థం కాలేదు.

రావులపాలెంలో అరటి మార్కెట్ యార్డు వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. సూర్యకళ భర్త హరిబాబుది కొబ్బరి వ్యాపారం. మెయిన్ రోడ్డు మీద కొట్టు, కాలవ అవతల కురిడీ కొబ్బరికాయలు ఆరబెట్టే షెడ్డు. పొద్దున్నే వెళ్ళాడంటే రాత్రి భోజనం వేళకి గానీ ఇల్లు చేరేవాడు కాదు. డాక్టరు షుగరని చెప్పి రోజూ నడవమన్నాక మాత్రం, సాయంత్రం కాగానే కొట్టు గుమాస్తాకి వదిలేసి వాకింగుకని బయటపడుతున్నాడు.

అద్దెకొచ్చిన అమ్మాయి పేరు మీనాకుమారి. ముప్పై దాటి ఉంటాయి. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం మానేసి వచ్చానంది. సామానంతా ఒక ఆటోలో వస్తే, ఒక్క వస్తువు మాత్రం వేరే వ్యానులో వచ్చింది. నడుం ఎత్తున్న గుండ్రటి స్టీలు పెట్టె, పైన బరువైన మూత. నలుగురు మోస్తే గానీ లోపలికి వెళ్ళలేదు. దాని కోసం ఎలక్ట్రీషియన్ వచ్చి విడిగా లైను లాగి, మెట్ల కింద కొత్త మెయిన్ స్విచ్చి పెట్టి వెళ్ళాడు.

"ఇదేంటమ్మా?" అని అడిగింది సూర్యకళ.

"కరెంటు బట్టీ అండీ పిన్నిగారూ. పాత్రలు దీంట్లో పెట్టి కాలుస్తాను. పొగ రాదు, మీకేం ఇబ్బంది ఉండదు."

"అంత పెద్ద ఊరు వదిలేసి ఇక్కడికెందుకు వచ్చావు?"

"ఇక్కడి బూడిద కోసమండీ" అని నవ్వింది మీనా.

సూర్యకళ కూడా నవ్వింది. ఇంట్లోకి వెళ్ళి కాఫీ కలుపుతుండగా ఆ నవ్వు మెల్లగా ఆగిపోయింది. బూడిదేంటి?

తర్వాత చూస్తే ప్రతిదీ అనుమానంగానే ఉంది. ఆ పిల్ల గదిలో పనిచేసేటప్పుడు ముక్కుకీ నోటికీ గట్టి మాస్కు కట్టుకునేది. తెల్లటి పొడులు బకెట్లలో కలిపేది. ఎవరెవరో కార్లలో సందు గుమ్మం దగ్గరికి వచ్చి, అట్టపెట్టెలు పట్టుకుని మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. బట్టీ వేసినరోజు దాని పక్కనున్న చిన్న కన్నంలోంచి ఎర్రటి వెలుగు గోడ మీద పడేది, లోపల ఎవరో కన్ను తెరిచి చూస్తున్నట్టు. ఉండుండి టిక్కు టిక్కుమని చప్పుడు.

ఎదురింటి సత్యకుమారికి ఆ సందు గుమ్మం తన అరుగు మీంచి బాగా కనిపిస్తుంది.

"నాకెందుకులెండి వదినగారూ" అని మొదలుపెట్టి ఒకరోజు ఆవిడ చెప్పింది, "మొన్న ఆ అమ్మాయి స్కూటీ మీద గోనెసంచి తెచ్చింది. దించుతుంటే మూతి ఊడి కింద ఒలికింది. చూస్తే ఏముంది, బూడిద! కంగారు కంగారుగా చేత్తో ఎత్తుకుంది. రోడ్డు మీద పడ్డ బూడిదని చేత్తో ఎవరైనా ఎత్తుకుంటారాండీ?"

 ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ సూర్యకళ భర్త మొహం వంక చూసింది. బుగ్గలు లోపలికి పోయాయి. షుగరుకి చిక్కారని డాక్టరన్నాడు. చిక్కితే చిక్కారు, ఆ పొడిదగ్గు ఎక్కణ్ణించి వచ్చింది? వాకింగునుంచి రాగానే లోపలికి రాకుండా బయటి కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కోవడం ఎప్పుడు నేర్చుకున్నారు?

"కాలవ గట్టు మీద దుమ్మే" అన్నాడాయన అడిగితే.

"దుమ్ము గోళ్ళలోకి తెల్లగా ఎలా పోతుందండీ?"

"కొబ్బరే" అన్నాడు. అప్పటికి ఆయన కొట్టు వదిలి చాలాసేపయింది.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన మీద సూర్యకళకి వేరే రకం అనుమానం ఎప్పుడూ రాలేదు. ఇప్పుడూ రాలేదు. ఆయన ఏం చేస్తున్నాడన్నది కాదు ఆవిడ భయం, ఆయనకి ఎవరైనా ఏమైనా చేస్తున్నారేమోనని.

శ్రావణమాసం మొదట్లో బట్టలు నానబెడుతుంటే ఆయన చొక్కా జేబులో గట్టిగా ఏదో తగిలింది. తీసి చూసింది. బొటనవేలంత మట్టిబిళ్ళ, కాల్చింది. పైన దారం గుచ్చడానికన్నట్టు కన్నం. ఒకవైపు ఆకుపచ్చగా గాజులా మెరుస్తోంది. రెండోవైపు మేకుతో గీకినట్టు ఒకే ఒక్క అక్షరం. హ.

బిళ్ళ పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది. "ఏవండీ, ఇదేంటి?"

హరిబాబు పేపరు దించి చూసి మళ్ళీ పేపరెత్తాడు. "ఏదో దార్లో దొరికింది. బావుందని జేబులో వేసుకున్నా."

"దార్లో దొరికినదాని మీద మీ పేరెవరు రాశారు?"

"హ అంటే నా పేరేనా? హనుమంతుడు కాకూడదా?" అని చెయ్యి చాచి బిళ్ళ తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఆ తీసుకోవడంలో తొందర ఆవిడకి నచ్చలేదు. దార్లో దొరికిన వస్తువుని ఎవరూ అంత తొందరగా వెనక్కి తీసుకోరు.

సత్యకుమారికి చెప్పకూడదనే అనుకుంది. మర్నాడు కూరగాయల బండి దగ్గర చెప్పేసింది.

"కన్నముందా? అక్షరముందా?" సత్యకుమారి గొంతు తగ్గించింది. "నేనేదో అంటున్నాననుకోకండి. మన వీధి చివర సత్తిరాజు గారు లేరూ? రాయిలాంటి మనిషి. ఎండాకాలంలో ఈ అమ్మాయి వాళ్ళ అరటితోటకి వెళ్ళొచ్చింది, నేను చూశాను. ఆషాఢంలో ఆయన పోయాడు."

"ఆయనకి గుండెపోటండీ."

"గుండెపోటే. కాదనడం లేదు. పోయేముందు ఆయన కూడా చిక్కిపోయాడు వదినగారూ."

సూర్యకళ వంకాయలు సంచిలో వేసుకుంది. వాటిలో పుచ్చులున్నాయో లేదో చూసుకోలేదు. ఇంటికొచ్చి అన్నవరం స్వామికి వ్రతం మొక్కుకుంది. భర్త తలగడ కింద కుంకుమ పొట్లం పెట్టింది. వెనక వాటా వైపు కిటికీ మూసేసి, కాసేపయ్యాక ఒక రెక్క మళ్ళీ తెరిచింది, కనిపించాలి కదా అని.

తర్వాత బట్టీ వేసిన రోజు మీనా పొద్దున్నే వచ్చింది. చీర కట్టుకుని, భుజాన సంచితో ఉంది.

"పిన్నిగారూ, రాజమండ్రిలో ఒక హోటలు వాళ్ళు పళ్ళేలు చూడాలన్నారండీ, వెళ్ళి రావాలి. బట్టీ నడుస్తోంది. మామూలుగా వదిలి వెళ్ళను, ఇవాళ తప్పలేదు. వేడి చాలినాక దానంతటదే ఆగిపోతుంది. గది వేడెక్కుతుందని తలుపు తీసే ఉంచాను. పిల్లి వెళ్ళకుండా కాస్త చూస్తారా? బట్టీని మాత్రం ముట్టుకోకండి."

"నేనెందుకు ముట్టుకుంటాను?"

"అంటే, కాలుతుందని చెప్పానండీ."

మీనా వెళ్ళిపోయింది. సూర్యకళ వంట చేసింది, హరిబాబుకి క్యారేజీ కట్టి పంపింది. మధ్యాహ్నం ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వెనకనుంచి ఆ టిక్కు టిక్కు వినపడింది. పిల్లిని చూడమందిగా అనుకుని లేచింది. పిల్లి ముందు గుమ్మంలోనే పడుకుని ఉంది. దాన్ని దాటుకునే వెళ్ళింది.

గది గుమ్మంలో వేడి మొహానికి కొట్టింది. బట్టీ కన్నంలో వెలుగు ఎరుపు కూడా కాదిప్పుడు, నారింజరంగు దాటిపోయింది. దానికి దూరంగా గోడవారన నడిచింది. పిండి రాసినట్టున్న బల్ల, చక్రం, బకెట్లు, వాటిమీద మూతలు. మూలగా చెక్క అరలు. అరల్లో గాజు డబ్బాలు వరసగా ఉన్నాయి. అన్నిట్లోనూ బూడిదే. ఒకదాంట్లో తెల్లగా, ఒకదాంట్లో నల్లగా, ఒకదాంట్లో ఎండు పసుపులా. ప్రతి డబ్బాకీ కాగితం అంటించి పేరు రాసి ఉంది.

అబ్బులు.

బంగార్రాజు.

సత్తిరాజు గారు.

 సత్తిరాజు గారి డబ్బా సగమే ఉంది. వాడేసినట్టున్నారు. ఆయన అస్థికలు కొడుకులు గోదాట్లో కలిపారని ఊరంతా చెప్పుకున్నారు. అన్నీ కలిపారా?

ఆ పక్క డబ్బా కొత్తది, నిండుగా ఉంది. దానిమీద పేరు చదవడానికి ఆవిడ దగ్గరికి వెళ్ళక్కర్లేకపోయింది.

హరిబాబు గారు.

వెనక బట్టీ టిక్కుమంది.

ఆవిడ అరవలేదు. ఎవర్నీ పిలవలేదు. ఆ పెట్టెలో ఆయన పేరు మీద ఏం కాలుతోందో గానీ అది ఆగాలి, ఇప్పుడే ఆగాలి, అదొక్కటే తెలిసింది. గదిలోంచి బయటికొచ్చి, మెట్ల కిందకి వంగి, కొత్త మెయిన్ హ్యాండిలు రెండు చేతులతో కిందకి లాగేసింది. టిక్కు టిక్కు ఆగిపోయింది. వచ్చి దేవుడి గది గుమ్మంలో కూర్చుంది. చీర కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకుంది.

హరిబాబుకి ఫోను చేసింది. "ఎలా ఉన్నారు?"

"ఎలా ఉంటాను? బేరంలో ఉన్నా. ఏంటి?"

"ఏం లేదు. దగ్గు?"

"ఇవాళ లేదు" అన్నాడు.

లేదన్నాడు! సూర్యకళ దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

దీపాలు పెట్టేవేళ మీనా తిరిగొచ్చింది. వెనక నుంచి చెప్పుల చప్పుడు, కాసేపు ఏమీ లేదు. తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"పిన్నిగారూ, ఇవాళ కరెంటు పోయిందాండీ?"

"ఆఁ... పోయినట్టుంది కాసేపు."

"కాసేపు పోతే బట్టీ మళ్ళీ అందుకుంటుందండీ. మెయిన్ కిందకి దించి ఉంది. కరెంటు పోతే హ్యాండిలు దానంతటది దిగదు కదా."

సూర్యకళ పొయ్యి మీద పాలు చూస్తోంది. "నాకేం తెలుసమ్మా" అంది.

మీనా ఆవిడ వీపు వంక కాస్త ఎక్కువసేపు చూసింది. "సందు గుమ్మం ఊరికే చేరవేసి వెళ్ళాను. ఎవరైనా వచ్చారాండీ?"

సూర్యకళ మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడం ఎవరో వచ్చారన్నట్టుగా ఉందని ఆవిడకి తెలుసు. అయినా మాట్లాడలేదు.

మీనా తిన్నగా ఎదురింటికి వెళ్ళింది. వాసన వస్తోందని, ఆ లైను వల్ల వీధిలో ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయని సత్యకుమారి అంతకుముందే రెండుసార్లు ఆ పిల్లతో గొడవపెట్టుకుని ఉంది. కాసేపటికి వీధిలో గొంతులు లేచాయి.

"నేనా? మీ ఇంటి మెట్ల కింద దూరి స్విచ్చులు కట్టెయ్యడానికి నాకేం పనిలేదనుకుంటున్నావా?"

"మీరని అనలేదండీ. మీ అరుగు మీంచి మా గుమ్మం కనపడుతుంది కదా, ఎవరైనా వచ్చారేమో చూశారా అని అడిగాను."

"అడిగిన తీరు నాకు తెలుసులే! ఏం కాలుస్తున్నావో ముందు నువ్వు చెప్పు. ఊళ్ళో బూడిదంతా ఎందుకు పోగేస్తున్నావో చెప్పు!"

జనం చేరారు. సూర్యకళ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సత్యకుమారి ఆవిడ్ని చూసి, "మీరైనా చెప్పండి వదినగారూ, నేను మీ గడప తొక్కానా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నోరు పెద్దదే గానీ ఆవిడ ఎవరి వస్తువూ ముట్టుకున్న మనిషి కాదు. సూర్యకళ చూపు గడప మీదకి దించుకుంది. 

అప్పుడు సందు వైపు నుంచి హరిబాబు వచ్చాడు. వాకింగుకని వెళ్ళిన మనిషి ఆ సందులోంచి ఎందుకు వస్తున్నాడో ఎవరూ అడిగేలోపే, గుంపు చూసి కంగారుపడి మీనాని అడిగాడు.

"ఏమైందమ్మా? బట్టీ ఆగిపోయిందా? ఇంతకీ నా గిన్నె ఏమైంది?"

గుంపులో వాళ్ళంతా ఆయన వైపు తిరిగారు.

"మీ గిన్నేంటి?" అంది సూర్యకళ.

హరిబాబు భార్యని అప్పుడు చూశాడు. పెద్దమనిషి మొహం కాపీ కొడుతూ దొరికిపోయిన కుర్రాడి మొహంలా అయింది.

"బాబాయిగారు నా దగ్గర మట్టిపని నేర్చుకుంటున్నారండీ" అంది మీనా మెల్లగా. "మీకు తెలుసనుకున్నాను."

"ఆ డబ్బా?" సూర్యకళ గొంతు పెరిగింది. "ఆయన పేరు రాసి, నిండా బూడిద పోసి, ఆ డబ్బా ఏంటి మరి? ఆ పక్కన చచ్చిపోయిన సత్తిరాజు గారి పేరేంటి?"

మీనా ఆవిడ వంకే చూస్తోంది. డబ్బాలు చూసిందంటే గదిలోకి వెళ్ళిందన్నమాట. ఆ పిల్లకి అర్థమవడం సూర్యకళ కళ్ళారా చూసింది. ఇంక దాచడానికేం లేదు.

"నేనే కట్టేశాను" అంది. "సత్యకుమారి కాదు. నేనే."

సత్యకుమారి కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

మీనా అరవలేదు. లోపలికి వెళ్ళి నాలుగు డబ్బాలూ తెచ్చి అరుగు మీద పెట్టింది. జనం ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ళకీ వినపడేలా చెప్పింది. ఈ తెల్లది బంగార్రాజు గారి మిల్లులో ఊక బూడిద. ఈ నల్లది అబ్బులు గారి సరుగుడు తోటది. ఈ పసుపురంగుది సత్తిరాజు గారు వేసవిలో ఎండిన అరటి బోదెలు తగలబెట్టి ఇచ్చింది. "కావాలంటే ఇంకా ఇస్తానమ్మా అన్నారు. మళ్ళీ వెళ్ళేసరికి ఆయన లేరు." ఇది హరిబాబు గారి షెడ్డులో కొబ్బరి డిప్పల బూడిద. ఎవరిచ్చిన బూడిదకి వాళ్ళ పేరు. దాన్ని కడిగి, జల్లెడ పట్టి, మట్టిలో కలిపి పాత్రకి పూత వేస్తే, ఆ వేడికి కరిగి గాజులా మెరుస్తుంది. ఒక్కో బూడిదకి ఒక్కో రంగు. ముందు చిన్న బిళ్ళల మీద వేసి చూసుకుంటుంది, ఏది ఎవరిదో తెలియడానికి మొదటి అక్షరం గీకుతుంది.

"ఒక బిళ్ళ బాబాయిగారు ముచ్చటపడి తీసుకెళ్ళారు" అంది.

"దార్లో దొరికిందన్నారు" అంది సూర్యకళ.

హరిబాబు నేల చూపులు చూశాడు.

ఇంట్లోకి వచ్చాక సూర్యకళ తలుపు దగ్గరికి వేసింది. ఆవిడే ముందు అడిగింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఎండాకాలం నుంచి. అద్దె వాటాలో కుళాయి కారుతోందంటే చూడ్డానికెళ్ళాను. ఆ పిల్ల చేతిలో ఇంత మట్టిముద్ద పెట్టింది."

"మరి వాకింగు?"

"కాలవ దాకా వెళ్ళొచ్చేవాణ్ణి. మొదట్లో."

"ఆ దగ్గు?"

"పొడి దులుపుతుంటే వచ్చింది. మాస్కు పెట్టుకోమంటుంది, నాకు ఊపిరాడదు. ఇవాళ బట్టీ వేసి ఊరెళ్ళింది కదా, పొద్దుణ్ణించి ఆ పొడి జోలికి వెళ్ళలేదు."

సూర్యకళకి ఏడుపొచ్చింది. భయం పోయినందుకో, ఆయన అబద్ధం ఆడినందుకో ఆవిడకే తెలియలేదు. "నా కోసం ఏదైనా చేద్దామని దాచారా? చెబితే సరదా పోతుందనా?"

అవునంటాడని ఆవిడ అనుకుంది. అనుంటే గొడవ అక్కడితో సర్దుకునేది. 

"లేదు కళా. నా కోసమే. చేతులకి మట్టి ఉంటే ఫోను ఎత్తక్కర్లేదు. ఎవడు రేటు అడిగినా మోగి మోగి ఆగిపోతుంది. అది బావుంది నాకు. నీతో చెబితే ఈ వయసులో మట్టాటలేంటని నవ్వుతావనుకున్నా."

"నవ్వేదాన్నే" అంది సూర్యకళ. "నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు చూడండి."

బట్టీ పూర్తిగా చల్లారాక మీనా మూత తీసింది. సూర్యకళ పిలవకుండానే వెళ్ళి గుమ్మంలో నిలబడింది. లోపల పళ్ళేలు, కప్పులు, అన్నిటిమీదా సున్నం కొట్టినట్టు గరుకుగా, పేలవంగా ఉంది పూత. మీనా ఒక పళ్ళెం తీసి వేలితో రాసి చూసింది. ఆ వేలి చప్పుడు సూర్యకళకి ఒళ్ళు జలదరించేలా ఉంది.

"పాడైపోయాయా?"

"చాలినంత వేడి తగల్లేదండీ. మళ్ళీ కాల్చొచ్చు. కొన్ని నిలబడతాయి, కొన్ని నిలబడవు."

"నేనేం చెయ్యాలో చెప్పమ్మా. కడగాలా, మొయ్యాలా, ఏదైనా చేస్తాను."

"ఏమీ చెయ్యకండి పిన్నిగారూ" అంది మీనా. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఎక్కువ తగిలింది.

రెండోసారి కాల్చినప్పుడు ఆ పిల్ల ఇల్లు కదల్లేదు. చల్లారాక తీస్తే, పళ్ళేల్లో సగానికి పైగా బాగా వచ్చాయి. తుమ్మెద రెక్క రంగులో కొన్ని, చిక్కటి మజ్జిగలా కొన్ని. మిగిలినవాటి మీద సూదితో పొడిచినట్టు కన్నాలు పడ్డాయి, వాటిని మీనా మారుమాట లేకుండా విడిగా పేర్చింది. హరిబాబు గిన్నె ఒక పక్కకి వాలిపోయి ఉంది. పూత అంచునుంచి కారి కింద పలకకి అతుక్కుపోతే ఉలితో కొట్టి విడదీయాల్సి వచ్చింది. అడుగున చిన్న పెచ్చు ఊడింది. ఆయన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసుకున్నాడు. కురిడీల లోడు మంచి రేటుకి పోయినప్పుడు కూడా ఆయన మొహం అలా ఉండటం సూర్యకళ చూడలేదు.

సత్తిరాజు గారి బూడిదతో మీనా నాలుగు కప్పులు చేసింది. లేత అరటాకు రంగులో వచ్చాయి. "వాళ్ళావిడకి ఇవ్వాలండీ, మాటిచ్చాను" అంది. "నేను వెళ్తాను" అంది సూర్యకళ వెంటనే. మీనా ఒక క్షణం తటపటాయించి, కప్పులు పేపర్లో చుట్టి ఇచ్చింది.

సత్తిరాజు గారి భార్య లక్ష్మీదుర్గ వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. కప్పు చేతిలోకి తీసుకుని, "ఇది మా తోట బూడిదేనా?" అని అడిగింది.

"అవునండీ. ఆయన ఇచ్చారట."

"తగలబెడుతుంటే కళ్ళు మండుతున్నాయని తిట్టాను ఆయన్ని." కప్పు అంచు చుట్టూ వేలు తిప్పింది. "ఇంత పచ్చగా వస్తుందా?"

సూర్యకళ తల ఊపింది. ఆ డబ్బా చూసి తను ఏమనుకుందో ఈ మనిషికి చెప్పగలనా అని ఒకసారి అనుకుంది. చెప్పలేదు. మంచినీళ్ళు తాగి లేచి వచ్చేసింది. దారిలో సత్యకుమారి ఇంటి ముందు ఆగి పిలిచింది. తలుపు తియ్యలేదు. తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్తే గానీ తియ్యలేదు, తీశాక కూడా వదినగారూ అని కాకుండా సూర్యకళ గారూ అని పిలిచింది.

ఆ వారమే ఎలక్ట్రీషియన్ వచ్చి మెట్ల కింద మెయిన్‌కి ఇనప పెట్టె బిగించాడు. మీనా దానికి తాళం వేసింది. ఒక తాళంచెవి తన దగ్గర ఉంచుకుని, అవసరానికి ఉంటుందని రెండోది హరిబాబుకి ఇచ్చింది. సూర్యకళ పక్కనే నిలబడి ఉంది.

"ఇంకా నన్ను నమ్మవా మీనా?"

"నమ్ముతానండీ పిన్నిగారూ" అంది మీనా. "తాళం మాత్రం ఉండనివ్వండి."

సూర్యకళకి ఆ రోజంతా అన్నం సయించలేదు. తన ఇంట్లో, తన మెట్ల కింద, తన చేతికి అడ్డంగా తాళం. కోపం వచ్చింది. కోపం తగ్గాక, ఆ పిల్ల ఇల్లు ఖాళీ చేస్తానని అననందుకు ఊపిరి పీల్చుకుంది. హరిబాబు సాయంత్రాలు కొట్టునుంచి తిన్నగా వెనక్కే వెళ్తున్నాడు, చెప్పే వెళ్తున్నాడు. అయినా అప్పుడప్పుడూ ఆవిడ కరివేపాకు కోసమని అటు వెళ్ళేది. కూరలోకి అంత కరివేపాకు అక్కర్లేదని ఆవిడకీ తెలుసు. కిటికీలోంచి చూస్తే ఆయన మాస్కు కట్టుకుని, చక్రం ముందు వంగి, లోపల నాలుక బయటపెట్టినట్టు మాస్కు ఒక మూల పొంగుతుండగా కనిపించేవాడు. పక్కన ఫోను మోగుతూనే ఉండేది.

కార్తీకమాసంలో ఒకరోజు హరిబాబుకి సరుకు పనిమీద అంబాజీపేట వెళ్ళాల్సి వచ్చింది. అదే రోజు మీనా బట్టీ వేసింది. ఆయన బయలుదేరుతూ జేబులోంచి తాళంచెవి తీసి భార్య చేతికిచ్చాడు.

"నాకెందుకు?" అంది సూర్యకళ. "ఆ పిల్లకి తెలుసా?"

"అడిగే ఇస్తున్నా."

"ఏమంది?"

"కాసేపు ఆలోచించింది. సరేనండీ అంది."

ఆయన వెళ్ళాక సూర్యకళ తాళంచెవిని ముందు వంటింట్లో మేకుకి తగిలించింది. అక్కడ నచ్చక బీరువాలో పెట్టింది. బీరువా తాళం వేసింది. వెనకనుంచి టిక్కు టిక్కు వినపడుతోంది. మధ్యాహ్నం మీనా వంటింటి గుమ్మంలోకి వచ్చి, "పిన్నిగారూ, కొరియర్ ఆఫీసు దాకా వెళ్ళొస్తానండీ, పావుగంటలో వచ్చేస్తాను" అని, ఇంకేమీ చెప్పకుండా స్కూటీ తీసింది.

సూర్యకళ కుర్చీ తెచ్చుకుని వెనక వరండాలో వేసుకుంది. మెట్ల వైపు కాదు, దానికి బాగా దూరంగా, గోడవార. పిల్లి వచ్చి కాళ్ళ దగ్గర పడుకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, స్కూటీ చప్పుడు మళ్ళీ వినపడేదాకా ఆవిడ ఆ కుర్చీలోంచి లేవలేదు.